రెండో ఫిడేళ్ళ మొదటి కుర్చీ

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుని ఉండగా ఫోను మోగింది. తెర మీద ‘సేటు’ అని వచ్చింది. సేటు ఫోను చేస్తే నేను హలో అనను. మా ఇద్దరి మధ్యా నాలుగేళ్ళుగా నడుస్తున్న పలకరింపు ఒకటుంది.

“ఏం సేటూ, ఇంకా పోలేదా?” అన్నాను.

మామూలుగా అయితే అటునుంచి, “నిన్ను సాగనంపకుండ నేనెట్ల పోతనన్నా?” అని రావాలి. రాలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

“పోయిండంకుల్,” అన్నాడు సేటు కొడుకు. “పొద్దుగాల స్నానానికని లేచిండు. గాడనే కూలబడ్డడు. దవాఖానకు తీస్కపోయే లోపల్నే అయిపోయింది.”

ఇక్కడ నేను కూడా ఆ ఫుట్‌పాత్ మీదే కూలబడ్డానని, చేతిలోంచి పుస్తకం జారిందని, నలుగురూ చుట్టూ మూగి మంచినీళ్ళు పట్టారని రాసి, కొట్టేశాను. అలాంటిదేమీ జరగలేదు. “సరే నాన్నా, వస్తున్నా” అని ఫోను జేబులో పెట్టుకుని చేతిలో ఉన్న పుస్తకానికి బేరం పూర్తి చేశాను. సంచీ కూడా అడిగాను. రోడ్డు దాటి ఆటో ఎక్కి “కాచిగూడ” అన్నాను. “కాచిగూడల యాడికి సార్?” అని ఆటో అతను వెనక్కి తిరిగాడు. ఫోన్లో నేను ఏమన్నానో అప్పుడు నాకు వినబడింది. ఇంకా పోలేదా అన్నాను. తండ్రి పోయిన అరగంటకి, ఆ కొడుకుతో.

చావు అందరికీ ఉన్నదే అని డెబ్బై రెండేళ్ళవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ శనివారం సాయంత్రం నా పక్కన కూర్చుని తుమ్మిన మనిషి ఆదివారం పొద్దునకి లేకపోవడమేమిటో నాకు ఇవాళ్టికీ అర్థం కాలేదు. ఫోను తీసి ఆయన పేరు దగ్గర వేలు పెట్టి, అలాగే ఆగిపోతున్నాను.

మా స్నేహానికి కారణం సంగీతం. నేను నాంపల్లిలో ఒక విశ్వవిద్యాలయపు సింఫనీ ఆర్కెస్ట్రాలో రెండో ఫిడేళ్ళకు ప్రధాన వాద్యకారుణ్ణి. ఈ వాక్యాన్ని నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, బ్యాంకులో చెప్పాను, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచి ఉంచి కూడా చెప్పాను. ఎదుటివాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి. అవి మళ్ళీ మామూలు కాకముందే నేను మాట మార్చేస్తాను. ఇవాళ మార్చను.

అది విద్యార్థుల ఆర్కెస్ట్రా. సాయంత్రాలు పాశ్చాత్య వయొలిన్‌లో సర్టిఫికెట్ కోర్సు ఒకటి నడుస్తుంది. వయసు అడ్డు లేదు. చేరినవాడల్లా విద్యార్థే. ఫిడేలు పట్టుకోవడం ముందే వచ్చినవాళ్ళను తీసుకెళ్ళి ఆర్కెస్ట్రాలో కూర్చోబెడతారు. నేను చిన్నప్పుడు మన పద్ధతిలో వర్ణాల దాకా నేర్చుకుని వదిలేసినవాణ్ణి. సేటూ అంతే. తక్కినవాళ్ళంతా ఇంజనీరింగో ఫార్మసీయో చదువుకుంటున్న పిల్లలు.

మొదటి ఫిడేళ్ళు పాట పాడితే రెండో ఫిడేళ్ళు దాని కింద పరుపు పరుస్తాయి. ఇద్దరికి ఒక స్టాండు, దాని మీద ఒక కాగితం. ముందు స్టాండు దగ్గర కూర్చునేవాళ్ళు ఆ వరస మొత్తంలో గట్టివాళ్ళయి ఉండాలి. వెనకవాళ్ళు వాళ్ళ కమాను చూసి తమ కమాను కదుపుతారు. లోకమంతా ఇదే పద్ధతి. మా దగ్గర ఏమైందంటే, మొదటి రోజు నేనూ సేటూ బుద్ధిగా వెనక కుర్చీల్లోకి పోబోతే పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

“అయ్యో అంకుల్, మీరు ఎనక కూసుంటే మేం ముందట ఎట్ల కూసుంటం? బాగుండదు,” అంది ఫార్మసీ చదివే అమ్మాయి.

ముందు నిలబడి పుల్ల ఊపుతూ అందర్నీ నడిపించే మా కండక్టరుకు ముప్పై అయిదేళ్ళుంటాయి. మేమంతా సారు అంటాం. ఆయన ఏదో చెప్పబోయి, నా తలకేసి చూసి, మానుకున్నాడు. నేను రెండో ఫిడేళ్ళకు ప్రధాన వాద్యకారుణ్ణయిన వైనం అది. నా అర్హత నా బట్టతల.

సేటుది ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేల్ దుకాణం. తాతల నాటిది. ఆయన ఫిడేలు పెట్టె మూత తెరిస్తే ముందు సంగీతం రాదు, ఘాటు వస్తుంది. ఆ ఘాటుకు ఫిడేలు కన్నా పెద్దవైన వయోలాలు, చెల్లోలు, ఆ వెనక బాకాలు వాయించేవాళ్ళు వరసగా తాళం తప్పకుండా తుమ్మేవారని నేను మా ఇంట్లో చెబుతుంటాను. నిజానికి తుమ్మేది వయోలాల్లో ఒకే ఒక్క అబ్బాయి. కానీ బాగా తుమ్మేవాడు.

మిరపకాయ ఎండిందో లేదో చూడటానికి సేటు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. లోపల గింజలు గలగలమనాలట. ఆ అలవాటు మిరపకాయ దగ్గర ఆగలేదు. అగ్గిపెట్టె, మాత్రల పట్టీ, కమానుకు రాసే రోజిన్ డబ్బీ, కొత్తగా కొన్న ఫోను, ఏది చేతికిచ్చినా ముందు చెవి దగ్గరికి పోయేది. ఒకసారి మా ఇంటికొస్తే మా ఆవిడ బిస్కెట్లు పెట్టింది. బిస్కెట్టును కూడా ఆడించి, “మెత్తబడ్డది వదినా,” అన్నాడు. మా ఆవిడ ఆ డబ్బా మళ్ళీ ఆయనకు చూపించలేదు.

మెడలో విద్యార్థి గుర్తింపు కార్డు ఎప్పుడూ వేలాడుతుండేది. దుకాణంలో కూడా తీసేవాడు కాదు. బేరగాళ్ళు వింతగా చూస్తే, “స్టూడెంట్‌ను. సదువుకుంటున్న,” అని, మళ్ళీ ధర చెప్పేవాడు.

కుర్చీ మీద రెండు కాళ్ళూ కిందకి వేసి కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. చాప మీద కూర్చుని నేర్చుకున్న ఫిడేలు కదా. చెప్పు ఒకటి విడిచి, ఆ కాలు మడిచి కింద పెట్టుకునేవాడు.

“సేట్‌జీ, రెండు పాదాలూ నేల మీద ఉండాలి,” అని సారు వారం వారం చెప్పేవాడు.

“పెడ్త సార్. కాలు కిందికి దిగితె సుతి గూడ దిగుతున్నది,” అనేవాడు సేటు. సారు నవ్వితే ఆ వారం గడిచినట్టే.

ఇంకొకటుంది. అప్పట్లో నేను దాన్ని ఆయన దర్జా అనుకున్నాను. రిహార్సల్లో పాట మధ్యలో ఆపి, సారు “లెటర్ ఎఫ్ నుంచి” అంటాడు. కాగితం మీద అక్కడక్కడా గుర్తుకోసం అక్షరాలుంటాయి, అందరూ అక్కణ్ణుంచి ఎత్తుకోవాలి. సారు అలా అన్నాడంటే చాలు, సేటుకు ఏదో ఒకటి కింద పడేది. పెన్సిలో, చేతిరుమాలో, కళ్ళజోడో. “జర రానీయన్నా,” అని నాకు మాత్రం వినబడేలా గొణిగి, వంగి వెతుక్కుని, తీరిగ్గా లేచి, రెండు బార్లు, మన లెక్కలో రెండు ఆవర్తాలు, పోయాక కలిసేవాడు. కదిలిపోతున్న సిటీ బస్సును వెనక ఫుట్‌బోర్డు దగ్గర అందుకున్నట్టు ఉండేది ఆ కలవడం. ఒక్క అడుగు తడబడేది కాదు. నేనూ ఆ రెండు బార్లూ ఆగేవాణ్ణి. ఎందుకు ఆగేవాణ్ణో తర్వాత చెబుతాను.

పేజీ తిప్పడం కూడా ఆయనే. నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు. పేజీ చివరి బారు దగ్గరికి వచ్చేసరికి ఆయన చేయి అక్కడ ఉండేది, కాగితం చప్పుడు కాకుండా తిరిగిపోయేది. నాలుగేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

తప్పిందల్లా ఒక మధ్యమం, అంటే సరిగమల్లో ‘మ’. ఎవరో జర్మన్ ఆయన ఎప్పుడో రాసిన సింఫనీ అది. నిదానంగా నడిచే రెండో భాగంలో మా రెండో ఫిడేళ్ళకు ఒక చిన్న వరస ఉంది. చక్కగా శంకరాభరణంలా పోతూ పోతూ, ఒక్కచోట ఆ జర్మన్ ఆయన మధ్యమాన్ని పైకి జరిపాడు. రాగంలో లేని స్వరం, క్షణం మెరిసి పోతుంది. సేటు దాన్ని వాయించలేదు. మామూలు మధ్యమమే వేశాడు.

సారు ఆపాడు. “సెకండ్స్, అక్కడ ఎఫ్ షార్ప్,” అన్నాడు మా రెండో ఫిడేళ్ళతో, మధ్యమాన్ని పైకి జరపమని.

మళ్ళీ వాయించాం. ఎనిమిది ఫిడేళ్ళూ కలిసికట్టుగా, తడుముకోకుండా, మళ్ళీ అదే తప్పు స్వరం.

“షార్ప్,” అన్నాడు సారు. మూడోసారీ అంతే. సారు తన ముందున్న పెద్ద కాగితంలోకి చూశాడు, మాకేసి చూశాడు, మళ్ళీ కాగితంలోకి చూశాడు. ఎనిమిది మంది ఒకే తప్పు ఇంత బాగా చేయలేరు కదా. “ప్రింటులో తేడా ఉన్నట్టుంది,” అని గొణిగి, పెన్సిల్ తీసి కొట్టేసి దిద్దుకున్నాడు. జర్మనీకి ఉత్తరం రాసి అక్కడి ప్రచురణకర్తల చేత క్షమాపణ చెప్పించాడని నేను చాలామందికి చెప్పాను. అది నా సొంత కల్పన. పెన్సిల్ గీత మాత్రం నిజం. కచేరీలో కూడా అలాగే వాయించాం.

టీ తాగుతూ సేటును అడిగాను, ఎందుకలా వాయించావని.

“శంకరాభరణంల ప్రతి మధ్యమం ఏందన్నా? ఆయన రాసెటప్పుడు పరాకున ఉన్నడు. మనం సరిజేసినం,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వు రావలసిన చోట కాదది. వెనకున్న ఆరుగురు పిల్లలకు కూడా అదే పరాకు ఎలా కలిగిందని నేను అప్పుడు అడగలేదు.

ఈ మధ్య ఒక బుధవారం సారు కొత్త కాగితాలు పంచాడు. మా దగ్గరే సంగీత రచన చదువుకుంటున్న అమ్మాయి ఒకతె రాసింది. వచ్చే కచేరీకి అదే ముఖ్యం. “ఇది ఎక్కడా రికార్డయి లేదు. యూట్యూబులో వెతక్కండి, దొరకదు. లోకంలో ఎవరూ వినలేదు, మనమే మొదలు,” అన్నాడు సారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

సేటు ఆ కాగితాన్ని తీసుకుని, నేను చూస్తుండగానే, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.

“ఇందుల ఏం లేదన్నా,” అన్నాడు మెల్లగా.

పరాచికమనుకున్నాను. సారు చేయి దించాడు. మొదటి ఫిడేళ్ళు ఎత్తుకున్నాయి, బాకాలు ఎత్తుకున్నాయి. రెండో ఫిడేళ్ళ దగ్గర శ్మశాన నిశ్శబ్దం. సరే, శ్మశానం అనను. వెనక ఒకటి రెండు తీగలు కీచుమని, మిగతావి పలక్కపోయేసరికి భయపడి ఆగిపోయాయి. సేటు కమాను తీగ మీద ఆనించి, మెడ వంచి, దేనికోసమో వింటున్నాడు. నా కమాను కూడా తీగ మీదే ఉంది.

“సెకండ్స్, మీకు పేజీలు అందలేదా?” అన్నాడు సారు.

అందాయన్నాం. ఆయన కోప్పడే మనిషి కాదు. కోప్పడి ఉంటే బాగుండేది. “వచ్చే బుధవారం ఒక్కో స్టాండూ విడిగా వాయించి చూపించాలి. రానివాళ్ళు ఈ కచేరీకి కూర్చోరు. పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అని చూడను, సారీ,” అన్నాడు. ఆ చివరి మాట అన్నప్పుడు మా ఇద్దరికేసి చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం సేటు నన్ను దుకాణానికి పిలిపించాడు. షట్టరు సగం దించి, గోతాల మధ్య రెండు కుర్చీలు వేయించాడు. నేను వెళ్ళేసరికి కాగితం ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కార్డు మెడలోనే ఉంది.

“అన్నా, ఒక మాటడుగుత. నవ్వొద్దు.”

“అడుగు.”

“గీ కాయితం నువ్వొకపారి వాయించి ఇనిపియ్యి. ఒక్కపారి ఇంటె నేను పట్టుకుంట.”

“ఎదురుగా ఉందిగా, చూసి వాయించు.”

“సూసుడు రాదన్నా.”

“కళ్ళజోడు మార్చుకోవయ్యా.”

“కండ్లు కాదు. సదువుడు రాదు.” కాగితం మీద వేలు పెట్టాడు. “గీ గీతలు, గీ గుడ్లు, నాకన్ని ఒక్కతీరుగనే కొడ్తయి. ఏ పాటైనా ఫోన్ల పెట్టుకొని ఇంట. దుకాణంల ఇంట, పండుకొని ఇంట. ఇని ఇని నేర్సుకున్న. గీ పిల్ల రాసింది ఫోన్ల లేదాయె. ఏం జెయ్యాలె?”

అంటే లెటర్ ఎఫ్ అనగానే పెన్సిల్ కింద పడటం దర్జా కాదు. ఎఫ్ ఎక్కడుందో ఆ మనిషికి తెలియదు. పాట ఎక్కడిదాకా వచ్చిందో రెండు బార్లు విని, అప్పుడు దూకేవాడు.

“మరి పేజీ?” అన్నాను. “నాలుగేళ్ళుగా పేజీ ఎలా తిప్పావయ్యా?”

“నీ మెడ సూసి. పేజి ఒడుస్తున్నదంటె నీ మెడ ముందుకొస్తది, కోడి లెక్క. గప్పుడు తిప్పుత. నీకు సదువొచ్చు గదన్నా, నాకేం ఫికర్?”

ఇప్పుడు నా సంగతి. ఆర్కెస్ట్రాలో చేరిన రోజునుంచీ నాకు కాగితం మీది స్వరాలు, అదే నొటేషన్, చదవడం దినపత్రికంత సులువని అందరికీ చెప్పుకున్నాను. కొత్త కాగితం రాగానే పైనుంచి కిందకి చూసి “ఊఁ” అనేవాణ్ణి. నాకు తెలిసిందేమిటంటే, తీరుబడిగా కూర్చోబెడితే కింది గీత నుంచి వేలితో ఎంచుకుంటూ ఒక్కో స్వరం పేరు చెప్పగలను. కకు కొమ్మిస్తే కు అని కూడబలుక్కునే పిల్లాడి చదువు నాది. పాట పరిగెడుతుంటే ఎక్కడున్నామో, పేజీ ఎప్పుడైపోతుందో తెలుస్తుంది. అంతే. వాయించడానికి చాలదు.

“సేటూ,” అన్నాను, “నేను నీ వేళ్ళు చూసి వాయిస్తున్నాను.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. బయట హమాలీలు ఎవరినో తిట్టుకుంటున్నారు. సేటు నాకేసి చూశాడు, కాగితంకేసి చూశాడు, గోతాలకేసి చూశాడు.

“నువ్వు నన్ను సూసి, నేను నిన్ను సూసి,” అన్నాడు. “మల్ల బండి నడిపిందెవరన్నా?”

అప్పుడు నవ్వాడు. నవ్వి, ఘాటుకు తుమ్మి, మళ్ళీ నవ్వాడు. నాకు మాత్రం కాళ్ళ కింద ఫుట్‌బోర్డు లేదని, ఇన్నాళ్ళూ గాల్లో నిలబడ్డానని అప్పుడే తెలిసింది.

ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాం. నేను వేలు పెట్టి గీతలు ఎంచుకుంటూ, “ఇది గా... కాదు, ఉండు, మా,” అనేవాణ్ణి. “ఖాయం జేసి చెప్పన్నా, ఒకపారి లోపటికి పోయిందంటె మల్ల బయటికి రాదు,” అనేవాడు సేటు. నేను అరగంట కూడబలుక్కున్న దాన్ని ఆయన ఒక్కసారి లోపలే అనుకుని, కమాను ఎత్తి, పాట చేసి ఇచ్చేవాడు. ఆ పాట విని నేను నేర్చుకునేవాణ్ణి. మధ్యమం జరిగిన చోటల్లా పేచీ పెట్టేవాడు. “గీ పిల్లకు గూడ పరాకేనా?” అంటే, “ఆ అమ్మాయి బతికే ఉంది, వెళ్ళి అడుగు,” అనేవాణ్ణి. సణుక్కుంటూ వాయించేవాడు. శనివారం సాయంత్రానికి కింద రెండు వరసలు తప్ప అంతా వచ్చింది.

“రేపు నువ్వు అబిడ్స్‌ల పుస్తకాలు తిరగేస్తవు గదా. నేనే ఫోన్ జేస్త. అటెనుక కూసుందం,” అన్నాడు. షట్టరు దించుతూ ఇంకా కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

కాచిగూడలో వాళ్ళింటికి నేనెలా చేరానో చెప్పలేను. ఇంటి ముందు కుర్చీలు, మనుషులు, గాజుమూత పెట్టెలో సేటు. రెండు కాళ్ళూ తిన్నగా చాపి ఉన్నాడు. అలా ఆయన్ని నేను ఎన్నడూ చూసి ఉండలేదు. ఎవరో ఇంకొకరనుకున్నాను. నిజంగానే ఒక నిమిషం అలా అనుకున్నాను. ఇది పెంచి చెప్పింది కాదు.

సేటు భార్య లోపల గోడకానుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. “గురువుగారొచ్చిన్రు, జరుగుండ్రి,” అంది చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో. వాళ్ళు జరిగారు. కొడుకు వచ్చి నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. పొద్దున ఫోన్లో నా నోటినుంచి ఆ మాట విన్న పిల్లాడు.

“నేను గురువునేంటమ్మా,” అన్నాను.

“ఆయనకు మీరే గద గురువు. నాలుగేండ్లసంది ఇంట్ల మీ పేరే. మా అన్న సదువుతడు, నేను వాయిస్త, అంటుండె.”

“నాకు చదవడం రాదమ్మా,” అన్నాను. గొంతు పెద్దదైంది. అందరూ నాకేసి చూశారు. “నేనే ఆయన్ని చూసి వాయించాను. నాకేమీ రాదు.”

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంటూ పక్కామెతో, “మొన్నటిసంది ఆయన గూడ గిదే చెప్తుండె. మా అన్నకంత వచ్చు గని తనకేం రాదంటడు, గంత పెద్దమనిషి, అని,” అంది.

బతుకంతా లేనివి ఉన్నాయని చెప్పుకున్నవాణ్ణి, నమ్మించినవాణ్ణి. ఉన్నమాట చెబితే ఒక్కరూ నమ్మలేదు.

“బుధవారం పరీక్షంట గదా,” అంది ఆమె.

“ఇంకేం పరీక్షమ్మా.”

“ఎందుకిడుస్తరు? రాత్రి గూడ అదే పాట అనుకుంటనె అన్నం తిన్నడు. జరంత మిగిలిందన్నడు. మీరన్న పాసు గాండ్రి.”

బుధవారం వెళ్ళాను. నా పక్క కుర్చీలో ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని భయమేసి, వెళ్ళీ వెళ్ళగానే దాని మీద నా ఫిడేలు పెట్టె అడ్డంగా పెట్టాను. నాంపల్లి స్టేషన్లో ఏదో బండి బయల్దేరుతోందని చెబుతున్నారు, కిటికీలోంచి వినబడుతోంది. సారు చెక్క మెట్టు దిగి నా దగ్గరికి వచ్చాడు.

“అంకుల్, మీరు ఇవాళ వాయించక్కర్లేదు. కావాలంటే ఈ కచేరీకి సెలవు తీసుకోండి. మీ కుర్చీ మీకే ఉంటుంది.”

ఎంత మంచి దారి చూపించాడో చూడండి. లేచి, కళ్ళొత్తుకుని, అందరికీ దణ్ణం పెట్టి బయటికి నడిస్తే సరిపోయేది. స్నేహితుడు పోయిన దుఃఖంతో ఫిడేలు దించేసిన ప్రధాన వాద్యకారుణ్ణయి మిగిలిపోయేవాణ్ణి. చచ్చేదాకా చెప్పుకోవడానికి ఇంతకు మించిన కథ దొరకదు. చెప్పేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా నాకప్పుడే తెలిసిపోయింది.

“వాయిస్తాను,” అన్నాను.

మొదలుపెట్టాను. కాగితం చూడలేదు, చూసినా లాభం లేదు. గోతాల మధ్య సేటు వాయించింది చెవుల్లో వింటూ, దాని వెంట పడ్డాను. రెండుచోట్ల శ్రుతి పోయింది, కానీ పాట నడిచింది. శనివారం ఆగినచోటికి వచ్చాను. అక్కడ లోపలి పాట ఆగిపోయింది. నేనూ ఆగాను.

“ఇంకా రెండు లైన్లున్నాయి అంకుల్,” అన్నాడు సారు మెల్లగా. “పర్లేదు, నిదానంగా చూసి వాయించండి.”

“మేం ఇంతవరకే చదివాం సార్.”

“అంటే?”

“నాకు నొటేషన్ రాదు,” అన్నాను. “సేటుకూ రాదు. ఎప్పుడూ రాదు.”

సారు నోరు తెరిచేలోపల నా వెనకనుంచి ఇంజనీరింగ్ కుర్రాడొకడు లేచాడు. “సార్, నాక్కూడా రాదు సార్.” వాడి పక్కవాడు లేచాడు. “నాకు జర జర వస్తది సార్, గంత స్పీడుల రాదు.” ఆ వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు.

ఫార్మసీ అమ్మాయి మాత్రం కూర్చునే చేయెత్తింది. “నాకొచ్చు సార్. ఆ మధ్యమం తప్పని కూడా తెలుసు. పెద్దోళ్ళు అట్ల వాయిస్తుంటే నేనొక్కదాన్నే వేరేగ వాయిస్తే బాగుండదని...”

సారు తను ఎక్కి నిలబడే చెక్క మెట్టు మీదే కూర్చున్నాడు. చేతిలో పుల్ల ఒళ్ళో పడింది. కోపమేమీ లేదు ఆయన మొహంలో. ఇంట్లో తనకు తెలియని గది ఒకటి బయటపడ్డ మనిషిలా చూస్తున్నాడు.

“మరి ఇన్నాళ్ళూ,” అన్నాడు, “మీరంతా ఎవర్ని చూసి వాయించారు?”

నా వెనక ఒక కమాను లేచింది. దాని పక్కన ఇంకొకటి. రెండో ఫిడేళ్ళ కమానులన్నీ లేచాయి, ఆ వెనక వయోలాలవి లేచాయి, చెల్లోలవి లేచాయి, హాలంతా కమానుల అడవై నా పక్క కుర్చీ వైపు తిరిగింది.

అంత లేదు. లేచినవి నాలుగే కమానులు. అందులో ఒకటి సగం లేచి, సిగ్గుపడి ఆగింది. కానీ నాలుగూ నా పక్కన సేటు కుర్చీనే చూపిస్తున్నాయి. సారు అటు చూశాడు. అక్కడ ఆయనకు కనబడుతున్నది నా ఫిడేలు పెట్టె.

నేను లేచి, పెట్టె తీసి కింద పెట్టాను.